చుక్కాని పట్టిన యంత్రం

వృద్ధగౌతమి ఒడ్డున ఉన్న మురమళ్ళకు వీరేశ్వరస్వామి నిత్యకల్యాణం వలన ఎంత ప్రసిద్ధి కలదో, ఆ ప్రాంతపు జీవనంలో పడవకు అంత స్థానం ఉండేది. సముద్రం చేరువలోనే ఉండుటచేత పోటు వచ్చినపుడు నీరు వెనుకకు తంతుంది. పాటు సమయాన ముందుకు లాగుతుంది. గాలి తన ఇష్టం వచ్చిన వైపునకు తెరచాపను నెడుతుంది. 2002లో ఎదుర్లంక, యానాముల నడుమ వంతెన వచ్చేవరకు అక్కడ ఈ పాయను దాటవలసినవారికి పడవే శరణ్యం. చుక్కాని పట్టిన సరంగు ఆవలి గట్టున ఒక చెట్టునో, కోవెల శిఖరాన్నో గురిపెట్టుకొని కూర్చునేవాడు. అతడు లెక్కలు వేసేవాడు కాదు; ఆ పని అతని చేయి చేసేది. ఆ చేతిలోని విద్యను యంత్రానికి నేర్పవచ్చునా?

ఒంటరి నావికులకు ఇది ప్రాణావసరమైన ప్రశ్న. మనిషి నిద్రపోక తప్పదు, సముద్రం నిద్రపోదు. 1895 నుండి 1898 వరకు ‘స్ప్రే’ అనే పడవలో ఒంటరిగా భూమిని చుట్టివచ్చిన జాషువా స్లోకం, తెరచాపలను సరిచూసి చుక్కానిని తాడుతో కట్టివేసి విశ్రమించేవాడు. 1960లో అట్లాంటిక్‌ను ఒంటరిగా దాటే పందెంలో బ్లాండీ హేస్లర్ తాను రూపొందించిన గాలిపలకను ‘జెస్టర్’ అనే చిన్న పడవకు అమర్చి, 48 రోజులలో న్యూయార్కు చేరాడు. గాలి తగిలే కోణం మారగానే ఆ పలక తిరిగి చుక్కానిని కదిలిస్తుంది. అయితే అది గాలిని నమ్ముకొన్న సాధనం. గాలి దిక్కు మారితే పడవ కూడా దానితోపాటు మళ్ళుతుంది. దిక్కును నమ్ముకొనే యంత్రం కావలెనంటే దిక్సూచి, దానిని చదివి నిర్ణయించే కంప్యూటరు అవసరం.

ఆ నిర్ణయం ఎట్లు జరగవలెనో 1922లోనే నికొలాస్ మినోర్స్కీ గణితంలో చెప్పాడు. రష్యాలో పుట్టి అమెరికాలో పనిచేసిన ఈ శాస్త్రజ్ఞుడు అనుభవజ్ఞులైన చుక్కాని పనివారు చేసేదేమిటో శ్రద్ధగా గమనించాడు. వారి నేర్పులో మూడు అంశాలు కలవు. మొదటిది, పడవ ఎంత దారి తప్పిందో దానికి తగినట్లు చుక్కానిని తిప్పుట. రెండవది, పడవ ముక్కు ఎంత వేగంగా మళ్ళుతున్నదో చూచి ముందుగానే చేయి సడలించుట. మూడవది, గాలి ఎడతెగక ఒకే పక్కకు ముక్కును తిప్పుతుంటే, ఆ కొద్ది తేడా ఎంతసేపు నిలిచిందో కనిపెట్టి చుక్కానిని కొంత వంచియే ఉంచుట. ఈ సూత్రాలపై నిర్మించిన యంత్రాన్ని 1923లో ‘న్యూమెక్సికో’ అనే అమెరికా యుద్ధనౌకపై పరీక్షించారు.

నాడు యుద్ధనౌకకు అవసరమైన ఆ సాధనం నేడు ఇంటిలో తయారు చేసుకొనదగినదైనది. అరచేతిలో ఇమిడే మైక్రోకంట్రోలరు, దిక్కునూ ఒరుగునూ కొలిచే సెన్సారు, కారు అద్దాలు తుడిచే మోటారు వంటి ఒక మోటారు, బ్యాటరీ ఉంటే చాలు. విద్యార్థులు ఒక లెక్క వేసి చూడవచ్చును. పడవ తూర్పునకు, అనగా 90 డిగ్రీలకు పోవలెను. ముక్కు 84 వద్ద ఉన్నది. తేడా 6. దానిని 2తో గుణించి చుక్కానిని 12 డిగ్రీలు తిప్పుదామనుకొందురు గాక. కాని ముక్కు అప్పటికే సెకనుకు 2 డిగ్రీల వేగంతో దారికి వస్తున్నది. ఆ వేగాన్ని 3తో గుణించగా వచ్చిన 6ను తీసివేయవలెను. మిగిలిన 6 డిగ్రీలే సరియైన ఆజ్ఞ. ఈ తీసివేత లేకపోతే పడవ 90ని దాటిపోయి, మరల వెనుకకు వచ్చి, పాము నడకన పోతుంది.

మరొక చిక్కు కలదు. పోవలసినది 10 డిగ్రీలు, ముక్కు ఉన్నది 350. కేవలం తీసివేస్తే తేడా 340. నిజానికి 20 మాత్రమే. ఈ సంగతి చెప్పని యంత్రం పడవను ఇంచుమించు ఒక చుట్టు తిప్పి తెస్తుంది. సెన్సారును ఇనుముకూ మోటారుకూ దూరంగా ఉంచకపోతే దిక్కే అబద్ధమవుతుంది.

ఇంత చేసినను సరంగుకు తెలిసినదంతా యంత్రానికి తెలియదు. ముక్కు తూర్పునకే ఉన్నను ప్రవాహం పడవను పక్కకు తీసుకొనిపోవచ్చును. దిక్సూచికి అది కానరాదు. ఆవలి గట్టు చెట్టును చూచే సరంగుకు క్షణంలో కానవస్తుంది. ఉపగ్రహాల ద్వారా స్థానం తెలుసుకొనే సాధనం చేర్చితే ఈ లోపం తీరుతుంది. కాని ఎదుట ఉన్న ఇసుకతిన్నెను, వలను, మరొక పడవను ఆ లెక్క చూడదు. ఒంటరి నావికుడు నీటిలో పడితే యంత్రం ఆగదు. అతనిని విడిచి నిష్ఠగా తన దారిన పోతుంది. అందుచేతనే యంత్రాన్ని ఒక్క లాగుతో చుక్కాని పిడి నుండి విడదీసే ఏర్పాటు ఉండవలెను. నావికుడు తాడుతో తనను పడవకు కట్టుకొనవలెను.

2017–18లో భారత నౌకాదళపు ‘తారిణి’పై ఆరుగురు మహిళలు భూమిని చుట్టివచ్చారు. వారిలో విశాఖపట్టణపు పి. స్వాతి, హైదరాబాదు వాస్తవ్యురాలు బి. ఐశ్వర్య తెలుగువారు. 2018 ఏప్రిల్‌లో చుక్కానిని నడిపే యంత్రాంగం చెడిపోగా, తారిణి అనుకోని విధంగా మారిషస్ రేవు చేరవలసి వచ్చింది. అది బాగుపడిన పిమ్మట వారు మే 21న గోవా చేరారు. సముద్రం మీద ఏ యంత్రమైనను చెడవచ్చును. అపుడు మిగిలేవి మనిషి చేయి, మనిషి తెలివి.

మురమళ్ళ వంటి ఊరిలో ఒక ఉపాధ్యాయుడు విద్యార్థులచేత ఇట్టి యంత్రం చేయించదలచితే, తీగెలు కలుపుటకు ముందు వారిని చుక్కాని పట్టిన వృద్ధుని ప్రక్కన ఒక పూట కూర్చుండబెట్టుట మేలు. మినోర్స్కీ చేసినది అదియే. ఆ చేతులు నేడు అరుదవుతున్నవి. వాటిని చూచి నేర్చుకొనే అవకాశమూ అంతే.