మీకు తెలుసా? తీగ లేని కరెంటుతో హెలికాప్టర్!

1964లో అమెరికాలో ఒక బుల్లి హెలికాప్టర్ పెట్రోలు, బ్యాటరీ, కరెంటు తీగ ఏవీ లేకుండా గాల్లో నిలిచింది. పక్కకు కొట్టుకుపోకుండా తాళ్లు కట్టారనుకోండి! దానికి శక్తినిచ్చింది నేల మీది నుంచి పంపిన మైక్రోవేవ్ తరంగాలు, అంటే వంటింటి ఓవెన్‌లో వాడే బాపతువే. చేసి చూపినవాడు రేథియాన్ కంపెనీ ఇంజినీరు విలియం సి. బ్రౌన్.

అసలు కిటుకంతా 'రెక్టెన్నా'లో ఉంది. అందులోని యాంటెన్నా తరంగాలను పట్టుకుంటే, దానికి అతికించిన డయోడ్లు వాటిని అక్కడికక్కడే డీసీ కరెంటుగా మార్చేస్తాయి. 1975లో కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్‌లో, బ్రౌన్ బృందం నాసా వారి జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీతో కలిసి, సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల దూరంలో 30 కిలోవాట్లకు పైగా కరెంటు రాబట్టారు. రెక్టెన్నా మీద పడిన శక్తిలో 80 శాతానికి పైగా కరెంటైంది. అంతరిక్షంలో సౌరవిద్యుత్తు తయారుచేసి భూమికి దించాలన్న ఆలోచనకు ఈ రెక్టెన్నాయే ఆధారం.