ఎం.బి.ఏ. సీటుకు పదో తరగతి తూకం
పల్లెటూరి పట్టభద్రులకు మేనేజిమెంటు చదువు అందకుండా చేస్తున్న ఎంపిక పద్ధతులు

విశాఖపట్నం నుంచి ఆనందపురం వైపు వెళ్లే బస్సు గంభీరం దాటుతుండగా కొండవారన పెద్ద భవనాలు కనిపిస్తాయి. అది భారతీయ మేనేజిమెంటు సంస్థ. అందరూ ఐ.ఐ.ఎం. అంటారు. 2015లో ఆంధ్రా యూనివర్సిటీ ఆవరణలో మొదలైన ఈ సంస్థ తర్వాత ఇక్కడికి చేరింది. శాశ్వత భవనాలను 2024 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి ప్రారంభించారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పాలక్యాన్లు, కూరగాయల ఆటోలు ఆ రోడ్డు మీదనే పట్నం వెళతాయి. ఆ ఊళ్లలో డిగ్రీ పాసైన కుర్రవాడికి అందులో సీటు దొరుకుతుందా అంటే కాగితం మీద దొరకాలి. డిగ్రీలో నూటికి యాభై మార్కులుంటే చాలు. షెడ్యూల్డు కులాలు, తెగల వారికి నలభై అయిదు చాలు. ఎవరైనా ప్రవేశపరీక్షకు కూర్చోవచ్చు.

చిక్కంతా ఆ తర్వాతనే వుంది.

దేశంలోని ఐ.ఐ.ఎం.లన్నింటికీ కలిపి ఏటా నవంబరులో క్యాట్ అనే పరీక్ష జరుగుతుంది. పరీక్ష రెండు గంటలు. ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవడం, లెక్కలు, పట్టికలు చూసి తర్కించడం ఇందులో వుంటాయి. సరైన జవాబుకు మూడు మార్కులు. గుర్తుపెట్టే ప్రశ్నల్లో తప్పు పెడితే ఒక మార్కు కోత. అయితే ఈ పరీక్షలో మంచి మార్కులు వచ్చినంత మాత్రాన ఇంటర్వ్యూ పిలుపు వస్తుందని అనుకోరాదు. ఎవరిని పిలవాలో ఒక్కో సంస్థ తన లెక్క తాను వేసుకుంటుంది. ఆ లెక్కలో పదో తరగతి మార్కులు, ఇంటర్ మార్కులు మళ్లీ తూకానికి వస్తాయి. పదిహేనో ఏట బడిలో రాసిన పరీక్ష ఇరవై మూడో ఏట వచ్చి తలుపు దగ్గర నిలబడుతుందన్నమాట.

ఒక్క మార్కుకు మూడు పాయింట్లు

పేరుమోసిన అహమ్మదాబాదు ఐ.ఐ.ఎం. తన లెక్కను దాచుకోకుండా ప్రకటిస్తుంది. అందుకు మెచ్చుకోవాలి. ఇటీవలి సంవత్సరాలలో ఆ సంస్థ ప్రకటించిన పట్టిక ప్రకారం పదో తరగతిలో నూటికి తొంభై దాటితే 10 పాయింట్లు. ఎనభై దాటి తొంభై లోపు అయితే 8. డెబ్బై దాటి ఎనభై లోపు 5. అరవై దాటి డెబ్బై లోపు 3. అంతకు తగ్గితే 2, 1. ఇంటర్ సైన్సు చదివిన వారికీ ఇదే పట్టిక. ఆర్ట్సు, కామర్సు వారికి కొంత సడలింపు వుంది. డిగ్రీకి విడిగా పాయింట్లు వుంటాయి. ఉద్యోగ అనుభవానికి ఎక్కువలో ఎక్కువ 5 పాయింట్లు, అవి కూడా మూడేళ్లు పనిచేసిన వారికే. ఈ మొత్తాన్ని క్యాట్ స్కోరుకు కలిపి పిలుపులు పంపుతారు.

ఈ పట్టికను మన పదో తరగతికి అన్వయించి చూస్తే విడ్డూరం బయటపడుతుంది. మనకు మొత్తం 600 మార్కులు. 480 వచ్చిన పిల్లవాడికి సరిగ్గా ఎనభై శాతం, 5 పాయింట్లు. 481 వచ్చిన వాడికి 8. ఒక్క మార్కు తేడాకు మూడు పాయింట్లు పోతాయి. మూడేళ్ల ఉద్యోగానికి ఇచ్చేదే అయిదు!

ఇద్దరు విద్యార్థులను ఊహించుకోండి. ఒకడు లెక్కల మాస్టారి పోస్టు ఖాళీగా వున్న జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివాడు. పదిలో 68 శాతం వచ్చింది. ఇంటర్‌లో పుంజుకుని 82 తెచ్చుకున్నాడు. డిగ్రీ పూర్తిచేసి మూడేళ్లు ఉద్యోగం చేశాడు. పదికి 3, ఇంటర్‌కు 8, ఉద్యోగానికి 5, వెరసి 16. రెండోవాడు పట్నంలో పేరున్న బళ్లో చదివి పదిలో 92, ఇంటర్‌లో 93 తెచ్చుకున్నాడు. ఒక్కరోజు కూడా ఉద్యోగం చేయలేదు. అతనికి 20. డిగ్రీ మార్కులు ఇద్దరివీ సమానమనుకున్నా, పని నేర్చి వచ్చినవాడు పని ఎరగనివాడి కంటే నాలుగు పాయింట్లు వెనకబడి వుంటాడు. వెనకనుంచి నడిచి ముందుకొచ్చిన వాడి నడకకు ఈ తూకంలో విలువ లేదు.

రిజర్వేషన్లు వున్నాయి కదా అని కొందరంటారు. వున్నాయి, వుండాలి కూడా. కాని ఏ జాబితాకు ఆ జాబితాలో మళ్లీ ఇదే తూకం నడుస్తుంది. ఒకే కులానికి చెందిన ఉద్యోగి కొడుకు, కూలీ కొడుకు ఒకే జాబితాలో వుంటే పదో తరగతి పాయింట్లు ఎవరి వైపు మొగ్గుతాయో చెప్పనక్కరలేదు.

ఇంకొక ముచ్చట. 2020లో కరోనా వల్ల ఉభయ తెలుగు రాష్ట్రాలలోనూ పదో తరగతి పిల్లలను పరీక్ష లేకుండానే పాస్ చేశారు. 2021లోనూ అంతే. ఆ పిల్లలే ఇప్పుడు డిగ్రీలు పూర్తిచేసి ఈ దరఖాస్తులు పెడుతున్నారు. పరీక్షే జరగని సంవత్సరపు మార్కులను జీవితమంతా ఒకే తక్కెడలో తూచడం ఎంతవరకు న్యాయం?

సంస్థల వాదన కూడా వినవలసిందే. క్యాట్ ఒక్కరోజు పరీక్ష. ఆ రోజు జ్వరమొచ్చినా, అదృష్టం కలిసొచ్చినా ఫలితం తారుమారవుతుంది. పదేళ్లుగా నిలకడగా చదివాడా లేదా అన్నది పాత మార్కుల్లోనే తెలుస్తుంది. పైగా 2003లో క్యాట్ ప్రశ్నపత్రం ముందే బయటికి పొక్కి, పరీక్ష రద్దయి, 2004 ఫిబ్రవరిలో మళ్లీ పెట్టవలసి వచ్చింది. ఒక్క పరీక్షనే నమ్ముకోకూడదన్న వాదనలో బలం లేకపోలేదు. నిలకడ చూడటం తప్పు కాదు, ఎవరికి ఎలాంటి బడి దొరికిందో చూడకుండా నిలకడను కొలవడమే తప్పు.

దీనికి దారి లేకపోలేదు. బెంగుళూరు ఐ.ఐ.ఎం. పదో తరగతి, ఇంటర్ మార్కులను ఉన్నవి ఉన్నట్టు తీసుకోదు. ఆ బోర్డులో పైనున్న పదిశాతం మంది ఏ మార్కు దాటారో చూసి, దానితో విద్యార్థి మార్కును పోల్చి లెక్కకడుతుంది. మార్కులు ధారాళంగా పంచే బోర్డుకూ, పిసినారి బోర్డుకూ తేడా కొంత సరిపోతుంది. ఇదే పద్ధతిని ఇంకొక అడుగు ముందుకు తీసుకెళ్లి, విద్యార్థిని తన బడిలోని, తన మండలంలోని తోటివారితో పోల్చవచ్చు. సర్కారు బడిలో 68 శాతంతో మొదటివాడుగా నిలిచిన పిల్లవాడు, కార్పొరేటు బడిలో 92తో నలభయ్యోవాడుగా వున్నవాడి కంటే తక్కువవాడని ఎవరనగలరు? మెట్లమెట్లుగా పాయింట్లు ఇవ్వడం మానేసి, మార్కు మార్కుకూ కొంచెం కొంచెంగా పెంచితే 480, 481ల విడ్డూరమూ పోతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇంగ్లీషు గోడ

క్యాట్ ప్రశ్నపత్రం ఇంగ్లీషులో మాత్రమే వుంటుంది. డాక్టరు చదువుకు రాసే నీట్ తెలుగులో రాయవచ్చు. ఇంజనీరింగు జె.ఇ.ఇ. మెయిన్ 2021 నుంచి తెలుగులోనూ వుంది. కలెక్టరు కావడానికి రాసే సివిల్ సర్వీసు మెయిన్ పరీక్షను తెలుగులో రాసి, ఇంటర్వ్యూలో తెలుగులో మాట్లాడవచ్చు. జిల్లాను నడపడానికి తెలుగు పనికొస్తుంది గాని కంపెనీని నడపడానికి పనికిరాదా?

పాఠాలన్నీ ఇంగ్లీషులో వుంటాయి గనుక ఆ భాష రావలసిందే. అది కాదనలేని మాట. సివిల్ సర్వీసులో ఇంగ్లీషుకు ఒక పేపరు పెట్టి, అందులో పాసైతే చాలంటారు, ఆ మార్కులను ర్యాంకులో కలపరు. క్యాట్‌లో కూడా అలా చేసి, లెక్కలు, తర్కం ప్రశ్నలను తెలుగులో ఇస్తే సరిపోతుంది. సీటు వచ్చాక తరగతులు మొదలయ్యే లోపు వేసవిలో రెండు నెలలు ఇంగ్లీషు నేర్పించవచ్చు.

ఇంటర్వ్యూ సంగతి మరీ తికమక. అహమ్మదాబాదులో తుది ఎంపికలో సగం బరువు దానిదే. ఒకరిని ఒకటి అడిగి ఇంకొకరిని మరొకటి అడిగే ఇంటర్వ్యూలో గలగల మాట్లాడేవాడు గెలుస్తాడు. సంతలో దళారీతో బేరమాడటం వచ్చిన కుర్రవాడు అక్కడ కోటు వేసుకుని కూర్చుంటే నోరు పెగలదు. అందరినీ ఒకే రకం ప్రశ్నలు అడిగి, ప్రతి జవాబుకూ అక్కడికక్కడే మార్కు వేసి, కారణం రాసి వుంచాలి. ఓడిపోయినవాడు అడిగితే చూపాలి.

అనుభవం కింద లెక్కకొచ్చేది డిగ్రీ తర్వాత చేసిన పూర్తికాలపు పని. మరి పొద్దున్నే పాలకేంద్రంలో వెన్నశాతం చూసి లెక్కలు రాసే వాడికి, డ్వాక్రా సంఘాల పద్దులు రాసే ఆడపిల్లకు, తండ్రి పోయాక నాలుగెకరాల కౌలు నడుపుతూ దూరవిద్యలో డిగ్రీ కట్టినవాడికి అనుభవ ధ్రువపత్రం ఎవరిస్తారు? మేనేజిమెంటు అంటే ఇదే కదా. పాలసంఘం కార్యదర్శి, పంచాయతీ కార్యదర్శి ఇచ్చే పత్రాన్ని ఒప్పుకుని, అబద్ధమని తేలితే సీటు రద్దు చేస్తామంటే సరి. గ్రామీణ మేనేజిమెంటు కోసమే 1979లో వర్గీస్ కురియన్ ఆనంద్‌లో నెలకొల్పిన సంస్థ ఒకప్పుడు తన సొంత ప్రవేశపరీక్షలో సామాజిక విషయాల మీద ప్రశ్నలు అడిగేది. అలాంటి భాగం క్యాట్‌లో లేదు.

ఐసెట్ దారి

మన పిల్లల్లో ఎక్కువమంది ఎం.బి.ఏ.కు వెళ్లేది ఐసెట్ ద్వారానే. 200 ప్రశ్నలు, రెండున్నర గంటలు. తప్పుకు కోత లేదు. ఇంగ్లీషు భాగం తప్ప మిగతావి తెలుగులో కూడా వుంటాయి. పదో తరగతి తూకమూ, ఇంటర్వ్యూ గండమూ లేవు. భాష విషయంలో ఐ.ఐ.ఎం.లు నేర్చుకోవలసింది ఇక్కడుంది.

కాని ఇక్కడి లోటు వేరు. రాసినవారిలో నూటికి తొంభైమందికి పైగా అర్హులవుతున్నారు. 200లో 50 వస్తే చాలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి అదీ అక్కరలేదు. ప్రశ్న ఎవరికి సీటు వస్తుందన్నది కాదు, ఎక్కడ వస్తుందన్నది. కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు కాలేజీ పేరు, కోడు కనిపిస్తాయి గాని అధ్యాపకులు ఎందరున్నారో, కిందటేడు ఎందరు పాసయ్యారో కనిపించవు. నెట్ సెంటర్ కుర్రాడు, కాలేజీ పంపిన ఏజెంటు చెప్పిందే వేదం. ఆప్షను పక్కనే ఆ వివరాలు చూపడం ఉన్నత విద్యామండలికి కష్టమైన పని కాదు. మూడో వంతుకు కొంచెం తక్కువగా వున్న మేనేజిమెంటు కోటా సీట్లు బేరసారాల మీద నడుస్తున్నాయన్నది బహిరంగ రహస్యం.

ఫీజు సంగతి కూడా చూసుకోవాలి. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన 77వ నంబరు జీవో ప్రైవేటు కాలేజీలలో పి.జి. చదివేవారికి ఫీజు రీయింబర్సుమెంటు తీసేసింది. విద్యార్థి సంఘాలు ధర్నాలు చేశాయి. సీటు తీసుకునే ముందు ఆ ఏడాది నిబంధన ఏమిటో సాంఘిక సంక్షేమ కార్యాలయంలో కనుక్కోవడం మంచిది. చేరేటప్పుడు కొన్ని కాలేజీలు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టుకుంటాయి. ఇది చెల్లదు. సరిచూసి వెంటనే తిరిగి ఇవ్వాలని అఖిల భారత సాంకేతిక విద్యామండలి ఆదేశం వుంది. గడువు తేదీలోపు సీటు వదులుకుంటే వెయ్యి రూపాయలకు మించి పట్టుకోకూడదని కూడా వుంది. ఆ మాట రాతపూర్వకంగా అడిగినప్పుడు చాలా కాలేజీలు దిగివస్తాయి.

ఐ.ఐ.ఎం. చదువు ఖరీదు అహమ్మదాబాదులో రెండేళ్లకు పాతిక లక్షల దరిదాపున వుంది. ఆ అంకె చూసే ఎందరో దరఖాస్తు పెట్టరు. నిజానికి పెద్ద ఐ.ఐ.ఎం.లలో సీటు వచ్చినవారికి ప్రభుత్వరంగ బ్యాంకులు తాకట్టు లేకుండా అప్పులిస్తున్నాయి. క్యాట్ దరఖాస్తులు మామూలుగా ఆగస్టు మొదట్లో ప్రారంభమై సెప్టెంబరులో ముగుస్తాయి. 2025లో ఫీజు రూ. 2,600, షెడ్యూల్డు కులాలు, తెగలు, వికలాంగులకు రూ. 1,300. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో వున్నవారు కూడా రాయవచ్చు. విశాఖపట్నంలో పరీక్షాకేంద్రం వుంది.