జలుబా, కొవిడా: తేల్చేది ముక్కు కాదు

2022 జనవరి 7న సివిల్ సర్వీసెస్ మెయిన్స్ మొదలయ్యే నాటికి ఢిల్లీలో ఒమిక్రాన్ ఉద్ధృతంగా ఉంది. కోచింగ్ సెంటర్లకు పేరుపడ్డ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో అభ్యర్థులు ఇరుకు గదులను పంచుకుని ఉంటారు. తెలుగువారూ వారిలో చాలామందే. జనవరి చలిలో అక్కడ ముక్కు కారడం వింతేమీ కాదు. కానీ కొవిడ్ అని తేలితే, రెండు రోజుల ముందే వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం కనీసం 7 రోజులు గది దాటకూడదు. ప్రిలిమ్స్ రాస్తేనే ఒక అటెంప్ట్ లెక్కలో పడిపోతుంది కాబట్టి, మెయిన్స్ తప్పితే అదీ పోయినట్టే. కొవిడ్ వల్ల ఆ పరీక్షలకు దూరమైన కొందరు మరో అవకాశం కోరుతూ సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఇలాంటి పరిస్థితిలో ‘జలుబేలే’ అని సర్దిచెప్పుకోవాలనే అనిపిస్తుంది.

2020లో ఒక మంచి గుర్తు ఉండేది: వాసన తెలియకపోవడం. జలుబు చేసినా వాసన తెలియదు. అయితే అది ఎక్కువగా ముక్కు దిబ్బడ వల్ల. గాలి పైనున్న వాసన పొర దాకా చేరదు. కొవిడ్‌లో శ్వాస బాగానే ఆడుతున్నా పోపు ఘుమఘుమ తెలియకపోయేది. వైరస్ పట్టుకునే ఏసీఈ2 గ్రాహకాలు వాసన నాడీకణాల మీద కాకుండా, వాటికి ఆసరాగా ఉండే కణాల మీద ఉంటాయి. ఆసరా దెబ్బతింటే నాడులూ పనిచేయవు. ఒమిక్రాన్‌తో ఈ లక్షణం బాగా తగ్గింది. గొంతునొప్పి, తుమ్ములు, కారే ముక్కు ముందుకొచ్చాయి. అన్నీ జలుబు లక్షణాలే!

అసలు జలుబు ఒక జబ్బు కాదు. 200కు పైగా వైరస్‌లు దాన్ని తెస్తాయి. వాటిలో నాలుగు కరోనా కుటుంబానివే. ఒళ్లునొప్పులు, గట్టి జ్వరం, లేవలేనంత నీరసం ఉంటే కొవిడ్ అనుమానం పెరుగుతుంది, కానీ ఫ్లూ కూడా అలాగే ఉంటుంది. ఆయాసం మాత్రం మామూలు జలుబులో రాదు.

కాబట్టి పరీక్షే దిక్కు. ఇంట్లో చేసుకునే యాంటిజెన్ కిట్‌కు ఐసీఎంఆర్ 2021 మేలో తొలిసారి అనుమతిచ్చింది. అది వైరస్ ప్రొటీన్‌ను ఉన్నదాన్ని ఉన్నట్టే వెతుకుతుంది. రెండో గీత కనిపిస్తే దాదాపుగా నమ్మవచ్చు. కనిపించకపోతే నమ్మడానికి లేదు, ఎందుకంటే మొదటిరోజు ప్రొటీన్ చాలినంత ఉండకపోవచ్చు. ఆర్‌టీ-పీసీఆర్ వైరస్ జన్యుపదార్థాన్ని ప్రతి ఆవృత్తికీ రెట్టింపు చేస్తుంది. 30 ఆవృత్తులకు ఒక్క ప్రతి, లెక్క ప్రకారం, 107 కోట్లు దాటుతుంది! అంత సున్నితం కాబట్టే కోలుకున్న కొన్ని వారాల తర్వాత కూడా పాజిటివ్ చూపగలదు.

లక్షణాలు మొదలైన రోజు యాంటిజెన్ నెగెటివ్ వస్తే, 48 గంటల తర్వాత మళ్లీ చేసుకోవాలి, లేదంటే ఆర్‌టీ-పీసీఆర్‌కు వెళ్లాలి. ఫలితం తేలేదాకా పంచుకున్న గదిలో మాస్కు పెట్టుకుని, చలైనా కిటికీ తెరిచి ఉంచాలి. ఆక్సిజన్ 93 శాతానికి గానీ అంతకన్నా కిందికి గానీ పడితే జలుబా, కొవిడా అన్న ప్రశ్న పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.