రెబెక్కా పేరున్న ఊదా

వెబ్‌పేజీలకు రంగులద్దే భాష సీఎస్‌ఎస్. అందులో పేరు పెట్టి పిలవదగ్గ రంగులు 148. ఎరుపు, టమాటా, చాక్లెట్ లాంటి పేర్ల మధ్య 'రెబెక్కాపర్పుల్' అని ఒకటుంది. 102 పాళ్లు ఎరుపు, 51 ఆకుపచ్చ, 153 నీలం కలిస్తే వచ్చే ఊదా అది.

వెబ్‌నే వృత్తిగా చేసుకున్న ఒకరి పని, సరదాలు, నమ్మిన సూత్రాలు ఆదివారానికి కావాలన్నారు ఎడిటర్. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌కు చెందిన ఎరిక్ మేయర్‌ను ఎంచుకున్నాను. ఆయన పుస్తకాలతో మొదలుపెట్టాల్సింది. కానీ ఈ రంగు పేరు నన్ను ముందుకు పోనివ్వలేదు.

మేయర్ కూతురే రెబెక్కా. ఊదా అంటే ప్రాణం. 2013లో మెదడులో క్యాన్సర్ బయటపడింది. 2014 జూన్ 7న, సరిగ్గా ఆరో పుట్టినరోజున కన్నుమూసింది. మేయర్‌తో ఏళ్ల తరబడి కలిసి పనిచేసినవాళ్లు ఆ పాప పేరును రంగుల జాబితాలో చేర్చాలనుకున్నారు. మొదట అనుకున్నది ముద్దుపేరుతో, 'బెక్కాపర్పుల్' అని. మేయర్ ఒప్పుకున్నారు, కానీ ఒక్క మాట అడిగారు. బెక్కా అన్నది చిన్నపిల్లల పేరట. ఆరేళ్లు రాగానే తాను పెద్దదైపోతుంది కాబట్టి అందరూ రెబెక్కా అనే పిలవాలని ఆమె ముందే చెప్పి ఉంచింది. ఆరేళ్ల పిల్లగా ఆమె బతికింది దాదాపు పన్నెండు గంటలు. అందుకే పూర్తి పేరే ఉండాలన్నారు. సీఎస్‌ఎస్ ప్రమాణాలను నిర్ణయించే బృందం ఆ జూన్‌లోనే సరేనంది. తర్వాత బ్రౌజర్లన్నీ ఆ పేరును నేర్చుకున్నాయి.

అదే జాబితాలో 'ఆలిస్‌బ్లూ' కూడా ఉంది. అది అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కూతురు ఆలిస్ గౌన్ల రంగు. అధ్యక్షుడి బిడ్డ పక్కన ఒక వెబ్ పనివాడి బిడ్డకూ చోటు దొరకడం నాకెంతో ఇష్టమైన సంగతి.

ఇక చరిత్ర క్లుప్తంగా: 1994లో హోకోన్ వియుమ్ లీ సీఎస్‌ఎస్‌ను ప్రతిపాదించారు, బెర్ట్ బాస్ చేయి కలిపారు, 1996 డిసెంబరులో తొలి ప్రమాణం వచ్చింది. అప్పటికి మేయర్ కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో వెబ్‌మాస్టర్. బ్రౌజర్లు ఆ ప్రమాణాన్ని పాటిస్తున్నాయో లేదో తేల్చే తొలి అధికారిక పరీక్షల తయారీని ఆయనే నడిపించారు. 2000లో వచ్చిన ఆయన సీఎస్‌ఎస్ పుస్తకం ఎందరికో పాఠ్యగ్రంథమైంది.

పాత పాటల రేడియో
కోడ్ పక్కన పెడితే ఆయన సరదా బిగ్ బ్యాండ్ సంగీతం. క్లీవ్‌లాండ్‌లో విశ్వవిద్యాలయ రేడియో డబ్ల్యూఆర్‌యూడబ్ల్యూలో వారం వారం ఆ పాటల కార్యక్రమం నడిపేవారు. కోడ్‌లోనూ ఆయనది పంచుకునే తీరే: బ్రౌజర్ల మధ్య తేడాలను సరిచేయడానికి ఆయన రాసిన 'రీసెట్' కోడ్‌కు లైసెన్సు లేదు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

ఆయన నమ్మిన సూత్రం బాగా స్పష్టమైంది రెబెక్కా పోయిన ఏడాది చివర్లోనే. 2014 డిసెంబరులో ఫేస్‌బుక్ 'మీ ఏడాది ఇలా గడిచింది' అంటూ రెబెక్కా ఫొటోను ఆయన ముందు పెట్టింది, చుట్టూ పండగ చేసుకుంటున్న బొమ్మలతో. మేయర్ ఎవరినీ దుర్మార్గులనలేదు. ఎక్కువమందికి సంతోషమిచ్చే కోడే తనలాంటివాళ్లను గాయపరుస్తుందని వివరించారు. మందూ చెప్పారు: ఒప్పుకునేదాకా ఫొటో చూపించొద్దు, ముందు అడగండి. ఆ ఆలోచనే పెరిగి, సారా వాక్టర్-బెట్చర్‌తో కలిసి రాసిన పుస్తకంగా 2016లో వెలువడింది. కష్టాల్లో ఉన్నవాణ్ని అరుదైన మినహాయింపుగా కొట్టిపారేయకుండా, అతణ్నే మనసులో పెట్టుకుని డిజైన్ చేయాలన్నది దాని సారం. ఏ సాంకేతిక పాఠం కన్నా ఇదే ఆయన పెద్ద పని అని నా అభిప్రాయం.

హైదరాబాద్‌లో, విశాఖలో యాప్‌లు రాస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీరు పంపే పుట్టినరోజు సందేశం, 'ఇదే రోజున' అని చూపే పాత ఫొటో ఈ మధ్యే మనిషిని పోగొట్టుకున్న ఇంటికీ చేరుతుంది. చూపించే ముందు అడగండి. 'వద్దు' అనే బటన్‌ను కంటికి కనపడేచోట పెట్టండి.