ఉపశమనమా, స్వస్థతా?

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు వింటుంటే ఉపశమనం అనవలసిన చోట స్వస్థత అనే మాట తరచు వినబడుతోంది. మన సిద్దిపేట సంఘాల్లోనూ ఇది మామూలే. రెండూ దేవుడిచ్చే మేలులే, కాని అర్థం ఒకటి కాదు. ఈ తేడా మరిస్తే ప్రాణం మీదికి రావచ్చు.

శమించడం అంటే చల్లారడం. ఉపశమనం అంటే బాధ తీవ్రత తగ్గడం. బాధకు మూలం ఇంకా ఉండవచ్చు. స్వస్థత అంటే రోగమే పోవడం. మోకాళ్ల నొప్పి తగ్గి మెట్లెక్కగలిగితే "నొప్పి నుండి ఉపశమనం కలిగింది" అనాలి. గోలీలతో షుగర్ అదుపులోకి వస్తే అదీ ఉపశమనమే. "షుగర్ పోయింది" అని గోలీలు మానేస్తే మళ్లీ పెరుగుతుంది. క్షయకు మందులు మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే దగ్గు, జ్వరం తగ్గుతాయి. కాని కోర్సు సాధారణంగా 6 నెలలు. మధ్యలో ఆపితే రోగం తిరగబెట్టవచ్చు, మందులకు లొంగని క్షయగా మారవచ్చు, ఇంట్లోవారికీ అంటవచ్చు.

అలాగని ఉపశమనాన్ని చిన్నచూపు చూడవద్దు. మన మెదక్ చర్చినే తీసుకోండి. కరువు రోజుల్లో ఆకలితో ఉన్నవారికి పని చూపి, తిండి పెడుతూ పాస్నెట్ దొర దాన్ని కట్టించారు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. ఆ పని వానలు కురిపించలేదు, కరువును పోగొట్టలేదు. పనికి వచ్చినవారి ఆకలి తీవ్రతను తగ్గించింది. ఉపశమనం అంటే అదే.

పౌలు మూడుసార్లు వేడుకున్నా ముల్లు పోలేదు; దాన్ని భరించే కృప దొరికింది. త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వచ్చాడు. తిమోతికి కడుపు జబ్బు ఉంటే కొంచెం ద్రాక్షారసం పుచ్చుకొమ్మన్నాడు. వీరిలో ఎవరిదీ అవిశ్వాసమని లేఖనం అనలేదు.

దేవుడు స్వస్థపరచడని మేము అనడం లేదు. ప్రభువు తాను శుద్ధుని చేసిన కుష్ఠరోగిని సైతం యాజకునికి కనబరచుకొమ్మని పంపాడు. మనమూ డాక్టరుకు కనబరచుకుందాం. రోగం లేదని తేలితే "స్వస్థత" అని ధైర్యంగా చెబుదాం. తగ్గితే "ఉపశమనం" అని చెప్పి, మందులు వేసుకుంటూనే ప్రభువును స్తుతిద్దాం. సాక్ష్యం చెప్పించే పాస్టర్లు కూడా "గోలీలు మానకండి" అని ఒక్క మాట కలపాలని మా మనవి. నిజం చెప్పినంత మాత్రాన దేవుని మహిమ తగ్గదు.