డ్రమ్ము కడిగితే విషం పోతుందా?

ఎండాకాలం వచ్చిందంటే మన కొత్తకోట చుట్టుపక్కల ఊళ్లలో ప్రతి ఇంటి ముందు నీళ్ల డ్రమ్ము కనిపిస్తుంది. నల్లా నీళ్లు రోజంతా రావు గనుక పట్టి ఉంచుకోక తప్పదు. డ్రమ్ము కొత్తదైతే ఫరవాలేదు. పాత సామాన్ల కొట్టులో చవగ్గా కొన్నదైతే, ఇంతకు ముందు అందులో ఏముండేదో మనలో ఎంతమందిమి అడిగాము?

ఫ్యాక్టరీలకు ప్రమాదకర రసాయనాలు తెచ్చిన ఖాళీ డ్రమ్ములు 2016 కేంద్ర నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థాలే. వాటిని శుద్ధి చేయకుండా బయటికి అమ్మకూడదు. ఎందుకంటే కొన్ని రసాయనాలు, పురుగుల మందులు ప్లాస్టిక్‌లోకి ఇంకిపోతాయి. సబ్బుతో కడిగినా, ఎండలో పెట్టినా పూర్తిగా పోవు. తర్వాత పోసిన నీళ్లలోకి కొంచెం కొంచెంగా దిగుతాయి.

పటాన్‌చెరు నేర్పిన పాఠం

బతుకుదెరువు కోసం పాలమూరు నుండి వెళ్లినవారికి పటాన్‌చెరు, బొల్లారం తెలిసిన పేర్లే. 1970ల నుండి అక్కడ మందుల, రసాయనాల ఫ్యాక్టరీలు వెలిశాయి. వాటి మురికినీరు నక్కవాగులో, చెరువుల్లో కలిసింది. బావులు, బోర్లు పాడయ్యాయి. పంటలు దెబ్బతిన్నాయి. 1990లో ఈ సంగతి సుప్రీంకోర్టుకు చేరింది. కోర్టు ఆదేశాలతో బాధిత గ్రామాలకు మంచినీళ్లు, రైతులకు నష్టపరిహారం ఇవ్వవలసి వచ్చింది. 2001లో కేసు రాష్ట్ర హైకోర్టుకు, తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లింది. 2017లో తీర్పు వచ్చింది. అంటే 27 సంవత్సరాలు. కేసు వేసిన ఏడు పుట్టిన పాప తీర్పు నాటికి తల్లి అయ్యే వయసుకు వచ్చింది.

అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుండి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ మందు వేసుకుంటున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అటువంటి నీటిలో బతకడం నేర్చిన క్రిములకు ఆ మందు పనిచేయదు. కనుక పటాన్‌చెరు కష్టం పటాన్‌చెరుదే కాదు, ఎక్కడి ఆసుపత్రి మంచం మీది రోగికైనా అది తగులుతుంది.

ప్రభుత్వం చేస్తున్నదేమిటి?

ప్రమాదకర వ్యర్థాలపై మన దేశంలో మొదటి నిబంధనలు 1989లో వచ్చాయి. ఫ్యాక్టరీ కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తీసుకోవాలి. ఎంత వ్యర్థం వచ్చింది, ఎక్కడికి పంపింది లెక్క చూపాలి. హైదరాబాదు దగ్గర దుండిగల్‌లో ఇటువంటి వ్యర్థాలను నేలలోకి ఇంకకుండా పూడ్చే కేంద్రం ఉంది. హైదరాబాదుకు తాగునీరిచ్చే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల చుట్టూ 10 కిలోమీటర్ల లోపు కాలుష్య పరిశ్రమలు రాకుండా 1996లో 111 నంబరు జీవో ఇచ్చారు. ఆసుపత్రుల వ్యర్థాలకు 1998లో వేరే నిబంధనలు వచ్చాయి. మీరు వార్డులో చూసే పసుపు, ఎరుపు సంచులు అందుకే. దయచేసి వాటిలో అరటి తొక్కలు వేయకండి, వాటిలోవి తీయకండి.

అయితే ఏ అధికారీ మన ఇంటి డ్రమ్ము దగ్గరకు వచ్చి చూడడు. ఆ కాపలా మనదే.

మీరు చేయవలసినవి

1. రసాయనాలు, పురుగుల మందులు వచ్చిన డ్రమ్ములు, డబ్బాలు నీళ్లకు, బియ్యానికి, పశువుల కుడితికి వాడకండి. పుర్రె గుర్తు ఉన్నా, చీటీ చింపేసి ఉన్నా, ఘాటు వాసన ఉన్నా కొనకండి.

2. నీళ్లు మరిగిస్తే క్రిములు చస్తాయి, రసాయనాలు పోవు. వాసన, రంగు మారిన నీటిని కాచి తాగవచ్చని అనుకోకండి.

3. మందు డబ్బా ఖాళీ అయ్యాక మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు పిచికారీ డబ్బాలోనే పోయండి. డబ్బాకు బొక్కలు పొడిచి ఎవరూ వాడకుండా చేయండి. కాల్చకండి, వాగులో పారేయకండి.

4. ఊరి పక్కన రాత్రిపూట ట్యాంకరు మురికినీళ్లు వదిలితే దగ్గరకు పోకండి. బండి నంబరు, సమయం రాసుకొని పంచాయతీకి, తహసీల్దారుకు, కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా తెలపండి.

5. ఒంటి మీద రసాయనం పడితే బట్టలు విప్పి, ధారాళంగా నీళ్లతో కడగండి. మింగితే వాంతి చేయించకండి. చొంగ, చెమటలు, ఆయాసం కనిపిస్తే 108కి ఫోను చేయండి. ఆ డబ్బాను, కనీసం దాని చీటీని వెంట తీసుకురండి. ఏ మందో తెలిస్తే సరైన చికిత్స త్వరగా మొదలుపెట్టగలుగుతాము.

ఈ వారం ఇంటి డ్రమ్మును ఒకసారి తిప్పి చూడండి. అది ఎక్కడి నుండి వచ్చిందో ఇంట్లో ఎవరూ చెప్పలేకపోతే, అందులో తాగే నీళ్లు పోయకండి. రెండు బిందెలు ఎక్కువ మోసుకోవడం కష్టమే, కాని పిల్లల ఆరోగ్యం కన్నా అది పెద్ద కష్టం కాదు.