సినిమా కాదు బాబాయ్, ఉబుంటు!

నల్లజర్లలో మాకు కేబుల్ ఇచ్చే ఆయనే నెట్ కూడా ఇస్తాడు. యూట్యూబ్, ఓటీటీ సుబ్బరంగా వస్తాయి. టొరెంట్ పెడితే మాత్రం సున్నా దగ్గరే కూర్చుంటుంది.

గూడెంలో డిప్లొమా చదివే మా పిన్ని కొడుకు పాత ల్యాప్‌టాప్‌కి ఉబుంటు ఎక్కించాలి. ఫైలు దాదాపు 6 జీబీ. మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటి నుంచే అందుకుంటుందని టొరెంట్ పెట్టా. కదల్లేదు. ఆపరేటర్‌కి ఫోన్ చేస్తే, “టొరెంటా? సినిమాలు దించుతున్నావేంటి అబ్బాయ్? అవి పైనుంచే ఆపేశారు” అన్నాడు. సినిమా కాదు బాబాయ్, ఉబుంటు వాళ్లే తమ సైట్లో టొరెంట్ పెడతారని చెప్తే నవ్వేశాడు.

ఈ అనుమానం మన సినిమాలతో పాటే పెరిగింది. 2012లో ఎన్టీఆర్ ‘దమ్ము’, ధనుష్ ‘3’ పైరసీ కాకుండా మద్రాస్ హైకోర్టు ఉత్తర్వులిచ్చింది. నెట్ కంపెనీలు టొరెంట్ సైట్లతో పాటు విమియో, డైలీమోషన్‌లను కూడా మూసేశాయి. సొంత వీడియోలు పెట్టుకున్నవాళ్లు ఏం పాపం చేశారు? చివరికి జూన్‌లో కోర్టే చెప్పింది: దొంగ కాపీ ఉన్న లింకునే ఆపండి, సైటు మొత్తాన్ని కాదు అని.

సైటును ఆపడం ఒకటి, టొరెంట్ అనే పద్ధతినే నొక్కేయడం ఇంకొకటి. 2007లో అమెరికాలో కామ్‌కాస్ట్ ఈ రెండోది చేసింది. రెండు కంప్యూటర్ల మధ్యలో దూరి, అవతలివాడే లైను కట్ చేసినట్టు దొంగ సందేశం పంపేది. ఏపీ వార్తాసంస్థ (మన ఏపీ కాదు లెండి, అసోసియేటెడ్ ప్రెస్) బైబిల్ ఫైలు పంపి చూస్తే అదీ ఆగింది!

మరి మన లైన్లో ఏం జరుగుతోందో ఎలా తెలుస్తుంది? అదే టొరెంట్‌ని ఫోన్ హాట్‌స్పాట్ మీద పెట్టా, పరుగెత్తింది. మళ్లీ ఇంటి నెట్‌కి మారి, యాప్ సెట్టింగ్స్‌లో ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి చేశా. కదిలింది! అంటే ప్యాకెట్ల వాలకం చూసి టొరెంట్‌ని పట్టుకుంటున్నారన్న అనుమానం బలపడింది. చిన్న ఆపరేటర్లు చాలా ఇళ్లను ఒకే ఐపీ వెనక పెడతారు, దానివల్లా టొరెంట్ నెమ్మదిస్తుంది. కానీ నెమ్మదించడం వేరు, సున్నా వేరు.

2018లో కేంద్రం ఒప్పుకున్న నెట్ న్యూట్రాలిటీ నిబంధనల ప్రకారం ఒకరకం ట్రాఫిక్‌ని ఊరికే ఆపడం, నెమ్మది చేయడం కుదరదు. కోర్టు ఆదేశాల్లాంటి మినహాయింపులున్నాయి. నెట్‌వర్క్ నిర్వహణ అంటే సహేతుకంగా ఉండాలి.

ట్రాయ్ విడివిడి ఫిర్యాదులు నేరుగా తీసుకోదు. అందుకే ఆపరేటర్‌తో వాదన ఆపి, పైన ఉన్న కంపెనీ కాల్ సెంటర్లో ఫిర్యాదు పెట్టి డాకెట్ నంబర్ తీసుకున్నా. రెండు పరీక్షల స్క్రీన్‌షాట్లు జతచేసి, “ఏ ఆదేశం ప్రకారం ఆపారో రాసివ్వండి” అని అడిగా. “సమస్య పరిష్కరించాం” అని మెసేజొచ్చింది. ఎన్‌క్రిప్షన్ తీసేసి చూస్తే మళ్లీ సున్నా. అదే డాకెట్ నంబర్‌తో ఆ కంపెనీ అప్పీలేట్ అథారిటీకి నిన్న రాత్రే రాశా.